కుళాయి నీళ్లకి బ్లీచింగు వాసన: నూతికి తిరిగి వెళ్లాలా?

ప్రశ్న: అక్కా, మేం ఒడిశాలోని రాయగడలో ఉంటాం. మావారి ఉద్యోగం ఇక్కడే. నా కన్నవారిది మందస దగ్గర పల్లె. నాకిప్పుడు ఐదో నెల. ఆరేళ్ల బాబున్నాడు. వానలు మొదలైన దగ్గర్నుంచి కుళాయి నీళ్లు గుప్పుమని బ్లీచింగు వాసన కొడుతున్నాయి. అన్నం వండినా అదే వాసన. స్నానం అయ్యాక బాబు ఒళ్లు దురదంటాడు, నాకేమో జుట్టు ఊడుతోంది. మొన్న ఫిల్టర్లు అమ్మే అబ్బాయొకడు వచ్చి మా కుళాయి నీళ్లలో రెండు కడ్డీలు పెట్టి స్విచ్చి వేశాడు. రెండు నిమిషాల్లో నీళ్లు తుప్పురంగు మడ్డిలా అయిపోయాయి. తను తెచ్చిన సీసాలో నీళ్లు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఇంకో గ్లాసులో ఏవో చుక్కలు వేస్తే పసుపుపచ్చగా మారాయి. "ఇదంతా విషం, క్యాన్సర్ వస్తుంది, కడుపులో బిడ్డకి మంచిది కాదు" అన్నాడు. మా అత్తగారు "మందులేసిన నీళ్లెందుకు, పెరట్లో నుయ్యి ఉండగా" అంటున్నారు. మా ఊరి వైపు కిడ్నీ జబ్బులు కళ్లారా చూసినదాన్ని, అందుకే భయం ఎక్కువ. పద్దెనిమిది వేలు పోసి మెషీన్ కొనమంటారా, నూతి నీళ్లకి మారమంటారా?

జవాబు:

చెల్లీ, ముందు ఆ కడ్డీల సంగతి తేల్చేద్దాం. అది తేలకపోతే నేనెన్ని చెప్పినా నీ కళ్ల ముందు ఆ మడ్డే కదులుతూ ఉంటుంది.

ఆ మడ్డి మీ కుళాయి నీళ్లలోంచి వచ్చింది కాదు. కడ్డీల్లో ఒకటి ఇనుపది. నది నీళ్లయినా నూతి నీళ్లయినా కొద్దిపాటి లవణాలు సహజంగానే ఉంటాయి. వాటివల్ల నీళ్లలో కరెంటు పారుతుంది. కరెంటు పారినప్పుడు ఇనుప కడ్డీ కొంచెం కొంచెంగా కరిగి నీళ్లలోకి దిగుతుంది. నువ్వు చూసిన తుప్పు ఆ కడ్డీదే. తను తెచ్చిన సీసాలో నీళ్లకి లవణాలు దాదాపుగా తీసేసి ఉంటారు, అందులో కరెంటు పారదు, కడ్డీ కరగదు, నీళ్లు తేటగా ఉండిపోతాయి. ఈసారి వస్తే ఆ సీసా నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి అవే కడ్డీలు పెట్టించు. అవీ మడ్డి అవుతాయి.

ఇక పసుపు రంగు. నేను ఇరవై ఆరేళ్లు నీటి పరీక్షల గదిలో పనిచేశాను. ఆ చుక్కల మందు పేరు ఆర్థోటాలిడిన్, మేం ఓటీ అనేవాళ్లం. నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉందో లేదో చూడటానికే అది. లేత పసుపు వచ్చిందంటే క్లోరిన్ మీ కుళాయి దాకా బతికి వచ్చిందని అర్థం. పసుపు రాని ఇంటి గురించి నేను బెంగపడేదాన్ని. ఆ అబ్బాయి విషమని చూపించింది నిజానికి నీ నీళ్లకున్న కాపలా. ఒక్క మాట, ఆ చుక్కల మందు మాత్రం మంచిది కాదు, పరీక్ష చేసిన గ్లాసు నీళ్లు పారబోసి గ్లాసు రెండుసార్లు కడుక్కో.

అయితే ఎంత క్లోరిన్ ఉండొచ్చు? మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, 2012లో సవరించింది, కుళాయి చివర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలంటుంది. వేరే గతి లేనప్పుడు 1 మిల్లీగ్రాము వరకు పర్వాలేదంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యం దృష్టితో పెట్టిన హద్దు 5 మిల్లీగ్రాములు. మనుషుల ముక్కు అంతకన్నా చాలా ముందే పసిగట్టేస్తుంది, కొందరికి 0.3 దగ్గరే వాసన తెలుస్తుంది. నీకు ఐదో నెల కదా, ఈ రోజుల్లో ముక్కు మరీ సున్నితంగా ఉంటుంది. పోపు వాసనకే వికారం పుట్టే సమయంలో బ్లీచింగు వాసన భరించలేకపోవడం వింతేమీ కాదు.

వానాకాలంలోనే ఎందుకు ఎక్కువ అంటే, నదికి ఎర్రనీళ్లు వచ్చాయంటే శుద్ధి చేసే చోట పని రెట్టింపవుతుంది. ముందు పటిక వేస్తారు. మీ పక్కింటి ఒడియా వాళ్లు ఫిట్కిరి అంటారే, అదే. బురద రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలో తేలుతూ ఉంటాయి. పటిక ఆ తోపుడు తీసేసి వాటిని ముద్దకట్టిస్తుంది, ముద్దలు అడుక్కి దిగుతాయి. మా అమ్మమ్మ చిల్లగింజని బిందె లోపలివైపు అరగదీసి నీళ్లు తేర్చేది, ఆ పనే ఇదీ. పటికలోని అల్యూమినియం చాలామటుకు ఆ బురదతోనే పోతుంది. నీళ్లలో మిగిలేది 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. మతిమరుపు జబ్బు వస్తుందని నువ్వు వినే ఉంటావు, ఆ సంబంధం రుజువు కాలేదు. మన ఒంట్లోకి వెళ్లే అల్యూమినియంలో చాలా భాగం తిండిలోంచే వస్తుంది. నీళ్ల వాటా నూటికి ఐదు కూడా ఉండదు, అందులో ఒంటికి పట్టేది ఇంకా తక్కువ.

పటిక పని అయ్యాక క్లోరిన్. పెద్ద ప్లాంటుల్లో గ్యాసు సిలిండర్ల నుంచి వదులుతారు, చిన్న ట్యాంకుల్లో బ్లీచింగు పౌడరు కలుపుతారు. నీళ్లలో ఆకుల కుళ్లు, పేడ, మురుగు ఎక్కువైతే క్లోరిన్ వాటితో పోరాడి ఖర్చయిపోతుంది కాబట్టి మోతాదు పెంచుతారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ముక్కు మండేలా, కళ్లు చురచురలాడేలా వచ్చే వాసన అన్నిసార్లూ క్లోరిన్ ఎక్కువై వచ్చేది కాదు. మురుగులో ఉండే అమ్మోనియాతో క్లోరిన్ కలిసినప్పుడు కూడా అలాంటి ఘాటు పుడుతుంది. అందుకని వాసన హఠాత్తుగా మారితే, దానికి తోడు నీళ్లు మసకగా వస్తే, "మందు ఎక్కువేశారు" అని సరిపెట్టుకోకు. ఎక్కడో పైపులోకి మురుగు దిగుతూ ఉండొచ్చు. వెంటనే ఫిర్యాదు చేయాల్సింది అప్పుడే.

క్యాన్సర్ మాట గాల్లోంచి పుట్టింది కాదు, కాబట్టి దాన్ని కొట్టిపారేయను. 1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో యోహానెస్ రూక్ అనే రసాయన శాస్త్రవేత్త, నది నీళ్లలోని ఆకుల కుళ్లుతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరోఫారం లాంటివి కొద్దిగా తయారవుతాయని చూపించాడు. వాటిని ట్రైహాలోమీథేన్‌లు అంటారు. ఇలాంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ కాస్త ఎక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. క్లోరోఫారంని క్యాన్సర్ కలిగించగలదేమో అన్న అనుమానపు జాబితాలో పెట్టారు. క్లోరిన్ కలిపిన తాగునీటిని మాత్రం, ఉన్న ఆధారాలతో ఆ మాట చెప్పలేమన్న తరగతిలో ఉంచారు. క్లోరోఫారం లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం. గర్భిణుల మీదా అధ్యయనాలు జరిగాయి. కొన్నింటిలో బిడ్డ బరువులో చిన్న తేడా కనిపించింది, కొన్నింటిలో ఏమీ కనిపించలేదు. కాబట్టి ముప్పు బొత్తిగా లేదని నేను అనను. ఉన్నా చాలా చిన్నది, అదీ ఏళ్ల మీద వచ్చేది.

ఆ చిన్న ముప్పుని తప్పించుకోబోయి నువ్వు తలకెత్తుకోబోయేది ఏమిటో కూడా చెప్పాలి కదా. మీ జిల్లాలోనే 2007లో కలరా వచ్చింది. కొరాపుట్, కలహండి, రాయగడ మూడు జిల్లాల్లోనూ మనుషులు పోయారు. మళ్లీ 2022 జూలైలో కాశీపూర్ బ్లాకులో వచ్చింది. పొద్దున్న బాగున్న మనిషిని సాయంత్రానికల్లా కుప్పకూల్చే జబ్బది. ఇంకొకటి నీ విషయంలో నాకు మరీ భయం: హెపటైటిస్ ఇ. మురుగు కలిసిన నీళ్లతో వచ్చే పచ్చకామెర్లు. మామూలు మనుషులకి చాలావరకు తగ్గిపోతుంది. గర్భిణులకి చివరి మూడు నెలల్లో సోకితే నూటికి ఇరవై మందికి పైగా ప్రాణం మీదకి రావచ్చు. అందుకని నీకిప్పుడు వాసన లేని నూతి నీళ్లకన్నా వాసన వేసే కుళాయి నీళ్లే మేలని ఏ అనుమానమూ లేకుండా చెబుతున్నాను. నీ మనసు ఊరుకోవడానికి, పనిలో పనిగా పైపులో ఏవైనా క్రిములు కలిసి ఉంటే అవి చావడానికి, నీకూ బాబుకీ నీళ్లు మరగబెట్టు. బుడగలు గలగలమంటూ పైకి లేచాక ఒక్క నిమిషం చాలు. క్లోరిన్ వాసన పోతుంది, క్లోరోఫారం కూడా చాలావరకు ఆవిరైపోతుంది. కిటికీ తీసి మరగబెట్టు. అదే గిన్నెలో చల్లారనిచ్చి, మూతపెట్టి, ఆ రోజుకి ఆ రోజే తాగేయండి.

కిడ్నీ సంగతి నువ్వు రాసిన తీరు చూస్తే ఇంట్లోనో ఇరుగుపొరుగులోనో ఎవరినో పోగొట్టుకున్నావని అనిపించింది. మీ ఊరి వైపు ఉద్దానం పల్లెల్లో ఉన్న కిడ్నీ జబ్బుకి ఇదీ అని ఒక్క కారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్లలో సిలికా, పురుగు మందులు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే పని, ఇలా చాలావాటిని అనుమానించి వెతికారు. కానీ నువ్వే గుర్తు చేసుకో, మీ ఊళ్లో మీరు తాగి పెరిగింది ఏ నీళ్లు? నూతివి, బోరింగువి. మందు కలపని నీళ్లే కదా. ఆ జబ్బుని క్లోరిన్ మీదకి నెట్టడానికి ఆధారం లేదు. ఒక్క చోట మాత్రం క్లోరిన్, అల్యూమినియం రెండూ నిజంగా ప్రమాదకరం. డయాలసిస్ మెషీన్‌లో వాడే నీళ్లు. అక్కడ నీళ్లు కడుపులోంచి కాకుండా రక్తం పక్కనుంచి వెళతాయి. 1970ల్లో అల్యూమినియం ఉన్న నీళ్లు వాడి కొందరు డయాలసిస్ రోగులకి మెదడు దెబ్బతింది. అప్పట్నుంచి ఆ నీళ్లని ప్రత్యేకంగా శుద్ధి చేస్తారు. మీ వాళ్లెవరైనా ఇంట్లోనే ఆ వైద్యం చేయించుకుంటుంటే నీళ్ల గురించి వాళ్ల డాక్టరుని అడగండి. తాగే నీళ్లకి ఈ భయం అక్కర్లేదు.

బాబు దురదకి క్లోరిన్ కొంత కారణం కావచ్చు, ముందే పొడిచర్మం, గజ్జి లాంటివి ఉన్న పిల్లలకి చురుక్కుమంటుంది. బకెట్టు నీళ్లు రాత్రే పట్టి మూత లేకుండా ఉంచితే పొద్దుటికి చాలావరకు పోతుంది. స్నానం అయిన వెంటనే కొబ్బరినూనె రాయి. నాలుగు రోజుల్లో తగ్గకపోతే చర్మం డాక్టరుకి చూపించు, వానాకాలంలో తామర కూడా ఇలాగే మొదలవుతుంది. నీ జుట్టుకి మాత్రం నీళ్లని అనకు. తర్వాతి పరీక్షకి వెళ్లినప్పుడు రక్తం ఎంతుందో చూపించుకో, వాళ్లిచ్చిన ఐరన్ మాత్రలు మానకుండా వేసుకుంటున్నావో లేదో నీకే తెలుసు.

ఇప్పుడు నువ్వు అడగనిది చెబుతాను. నేను చూసిన ఇళ్లలో నీళ్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఒకసారి పరీక్షకని ఒక ఇంటికి వెళ్లాను. కుళాయి కింద చుక్కలు వేస్తే చక్కటి లేత పసుపు. పొద్దున్న అదే కుళాయి దగ్గర పట్టి మట్టికుండలో పోసిన నీళ్లు మధ్యాహ్నం తీసి చూస్తే రంగే లేదు. క్లోరిన్ కొంత గాల్లోకి, కొంత కుండ గోడలకి పోయింది. నేనింకా అక్కడ నిలబడి ఉండగానే వీధిలో ఆడి వచ్చిన గుంటడు చెంబు ముంచాడు. చెంబు అంచు పట్టుకున్న నాలుగు వేళ్లూ కణుపుల దాకా నీళ్లలో మునిగాయి. గోళ్ల సందుల్లో మట్టి నాకు కనిపిస్తూనే ఉంది. ఆ నీళ్లనిక కాపాడేదేదీ లేదు. చల్లదనం కోసం కుండ ఉంచుకో, నేనూ ఉంచుకుంటాను. కానీ పొడుగాటి కాడ ఉన్న గంటెతో తీయండి, లేదా కుళాయి ఉన్న కుండ కొనండి. రోజూ మిగిలినవి పారబోసి, లోపల బ్రష్షుతో తోమి, మళ్లీ పట్టండి.

ఇంకొకటి. మీ వీధిలో నీళ్లు వదిలే గంటలో ఎవరైనా పైపుకి నేరుగా మోటారు బిగించి లాగుతున్నారా? నీళ్లు ఆగిన వేళ పైపు ఖాళీగా ఉంటుంది. మోటారు వేస్తే కన్నాలున్న చోట కాలవలో నీళ్లని కూడా లోపలికి పీల్చేస్తుంది. ప్లాంటులో ఎంత క్లోరిన్ వేసి పంపినా మధ్యదారిలో ఖర్చయిపోతుంది. ఆ మోటారు మీ ఇంట్లోనే ఉంటే తీసేయండి, సంపులోంచి లాక్కోండి. నీళ్లు వదిలిన మొదటి ఐదు నిమిషాలవి గిన్నెలు కడగడానికి, మొక్కలకి పట్టు. తాగడానికి ఆ తర్వాత వచ్చేవి పట్టు.

మీ వార్డుకి జలసాథీ వస్తూ ఉంటుంది కదా, బిల్లు ఇచ్చే అమ్మాయి. బిల్లుతో పాటు నీళ్ల పరీక్ష కూడా ఆమె పనిలో భాగమే. ఆమెని ఆపి, కుళాయి దగ్గర క్లోరిన్ ఎంతుందో చూడమను. 0.2కి 1కి మధ్య ఉంటే నిశ్చింతగా ఉండు. ముదురు నారింజ రంగు వస్తే మోతాదు నిజంగా మించింది, ఫిర్యాదు రాసివ్వు. రంగే రాకపోతే అంతకన్నా గట్టిగా రాయి, వీధిలో నలుగురి చేతా సంతకాలు పెట్టించు.

మెషీన్ గురించి అడిగావు. కొనే ముందు మీ నీళ్ల టీడీఎస్ కొలిపించు, అంటే కరిగిన లవణాల మొత్తం. అది లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్వో మెషీన్లు వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. నది నీళ్లు వచ్చే ఊళ్లలో సాధారణంగా అంతకన్నా తక్కువే ఉంటుంది. ఆర్వో ఒక బిందె నీళ్లిచ్చి రెండు మూడు బిందెలు కాలవ పాలు చేస్తుంది. పైగా ముందున్న బొగ్గు పొరలో క్లోరిన్ పోతుంది కాబట్టి, లోపలి ట్యాంకులో నిలవున్న నీళ్లకి కాపలా ఉండదు. ఫిల్టరు వేళకి మార్చకపోతే అందులోనే క్రిములు పెరుగుతాయి. వాసన ఒక్కటే నీ బాధైతే ఈ కొన్ని నెలలూ మరగబెట్టడం చాలు. ఆ పద్దెనిమిది వేలు పురుడికి దాచుకో.

మీ అత్తగారి మాట కాదనకు, నుయ్యిని పూడ్చమనీ నేననను. కుళాయి రాని రోజున అదే దిక్కు. అంట్లకి, బట్టలకి నిశ్చింతగా వాడండి. తాగాలంటే మాత్రం నాకు మూడు సంగతులు తెలియాలి. మరుగుదొడ్డి గొయ్యి నూతికి ఎంత దూరం? కనీసం యాభై అడుగులు ఉండాలి. చుట్టూ గట్టు, చప్టా పగుళ్లు లేకుండా ఉన్నాయా? ఫ్లోరైడ్, నైట్రేట్ ఎప్పుడైనా పరీక్ష చేయించారా? ఫ్లోరైడ్ మరగబెడితే పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. నల్గొండ వైపు వంకర్లు తిరిగిన కాళ్లు చేసింది ఏ మందూ కలపని భూమిలోని నీళ్లే. ఆ ఫ్లోరైడ్‌ని తీయడానికి నాగపూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన నల్గొండ పద్ధతిలో వాడేది పటిక, సున్నం, బ్లీచింగు. మందులని మనం భయపడుతున్నవే.

నూతిలో బ్లీచింగు వేసేటప్పుడు చాలామంది పౌడరుని పిడికిళ్లతో గుమ్మరిస్తారు. అందుకే నీళ్లు తెల్లగా, చేదుగా అయి, మందంటేనే ఏవగింపు పుడుతుంది. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు చాలు. అయిదడుగుల వెడల్పు, పదడుగుల నీళ్లున్న నూతిలో సుమారు 5,560 లీటర్లుంటాయి, అంటే 14 గ్రాములు. వరద నీళ్లు దిగి బురదగా ఉన్నప్పుడు ఈ లెక్క చాలదు, అప్పుడు ఆరోగ్య కార్యకర్తని పిలవండి. కొనేటప్పుడు ముక్కుకి ఘాటు తగలాలి. తాజా పౌడరులో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది, చెమ్మ తగిలి ఉండకట్టిన దాంట్లో చాలావరకు పోయి ఉంటుంది. తూకం వేసిన పౌడరుని ప్లాస్టిక్ బకెట్టులో కాసిని నీళ్లతో జారుగా కలిపి, తర్వాత ముప్పాతిక బకెట్టు దాకా నీళ్లు పోసి కలియబెట్టి, పది నిమిషాలు కదపకుండా వదిలేయాలి. సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేట మాత్రం ఇంకో బకెట్టులోకి వంచి, ఆ బకెట్టుని తాడుతో నూతిలోకి దించి, నీళ్ల లోపల పైకీ కిందకీ నాలుగైదుసార్లు ఆడించాలి. అడుగున ఉన్న సున్నం నూతిలో పోయకండి. రాత్రి అందరూ పడుకునే ముందు చేస్తే పొద్దుటికి సరిపోతుంది, తొందరైతే గంటసేపు ఆగాలి.

ఆ పౌడరు డబ్బాని బాత్రూము యాసిడ్ సీసా పక్కన మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు లేస్తుంది, తలుపు వేసిన చిన్న గదిలో మనిషిని పడగొట్టేస్తుంది. బ్లీచింగుతో అయ్యే ఆపదల్లో నేను నిజంగా భయపడేది దీనికే.

కలిపే పని నువ్వు పెట్టుకోకు. మీవారిని చేయమను, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, గాలి వచ్చే వైపు వీపు పెట్టి. అత్తగారిని పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మర్నాడు జలసాథీ వచ్చినప్పుడు నూతి నీళ్లు ఒక గ్లాసు, కుళాయి నీళ్లు ఒక గ్లాసు పక్కపక్కన పెట్టి అత్తగారి ముందే చుక్కలు వేయించు. ఏ గ్లాసు ఏ రంగుకి వచ్చిందో నాకు రాయి.